చెరి ఇరవై మిషన్లు

సుబ్బరాయలంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, చివర్లో ఇద్దరం కలిసిపోతామని ఎవరైనా ఎదురుచూస్తారేమోనని. కలవం. ఇప్పటికీ బస్టాండులో అతను కనిపిస్తే నేను అవతలి పక్కకి వెళ్ళి నిలబడతాను.

రెండువేల నాలుగులో మేమిద్దరం ముత్తియాల్‌పేటలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసేవాళ్ళం. ఒకే వారంలో చేరాం, ఆరేళ్ళుగా ఇద్దరం టెంపరరీ. రెండో ఏడు, నేను ల్యాబుకి తాళం వేయకుండా ఇంటికి పోయానని రిజిస్టర్లో రాసి నాకు మెమో ఇప్పించాడు. ఆ రోజు చివర్న వెళ్ళింది అతనే. దానికి బదులుగా నేనేం చేశానో చెప్పను గానీ, ఊరుకోలేదు. ఒకటి మాత్రం చెప్తాను. ఆ మెమో తర్వాత ల్యాబులో ఉన్న తాళంచెవులన్నీ ఒక గుత్తికి ఎక్కించి నా నడుముకి దోపుకున్నాను. తలుపు తాళం, బీరువా తాళం, మిషన్ల కేబుళ్ళన్నీ కలిసే గోడమీది నెట్‌వర్క్ స్విచ్ పెట్టె తాళం, అన్నీ. ఏది కావాలన్నా అతను నన్ను అడగాలి. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తలుపు తెరిచేదాకా మెట్ల మీద నిలబడి పేపరు చదువుకునేవాడు.

ఇద్దరివీ తెలుగు ఇళ్ళు. ముత్తాతల కాలం నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నవాళ్ళం. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే తమిళం. కాలేజీలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే అని మా నమ్మకం. అందుకని పని సంగతులు తమిళంలో, తిట్లు తెలుగులో నడిచేవి. ప్రిన్సిపల్ ఎదుట, పిల్లల ఎదుట, గొంతు పెంచకుండా, నవ్వుమొహం పెట్టుకుని ఎన్నెన్ని మాటలు అనుకున్నామో! చూసేవాళ్ళకి ఏవో ఇంటి కబుర్లు చెప్పుకుంటున్నట్టుండేది. అప్పట్లో ఇద్దరికీ తెలుగు అక్షరం రాదు, చీటీలు రాసుకునే వీలు లేదు, కాబట్టి అంతా నోటితోనే. తమిళంలో నేను అతన్ని సార్ అనేదాన్ని, తెలుగులోకి దిగగానే నువ్వు. అతను నన్ను హాజరు పట్టీ చదివినట్టు “కె. నిర్మల” అని పిలిచేవాడు. ఆ “కె” వినపడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ అక్టోబరులో రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. ల్యాబు ఇన్‌ఛార్జి పోస్టు ఒకటి పర్మనెంటు చేయడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ఒక్కటే. రెండోవాళ్ళు ఇంటికే. ఆ వారంలోనే ల్యాబులో ఉన్న నలభై మిషన్లకీ పురుగు పట్టింది. ఆ ఏడు అన్ని ఊళ్ళూ తిరిగిన వైరస్ పురుగు అది. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు, కేబుల్ తగిలించి ఉంటే చాలు, ఒక మిషన్లోంచి ఇంకో మిషన్లోకి తనంతట తనే పాకుతుంది. తెర మీద అరవై అంకె వచ్చి, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అని తగ్గుకుంటూ పోయి మిషన్ ఆరిపోయేది. డిప్లొమా పిల్లల ప్రాక్టికల్ పరీక్షకి పన్నెండు రోజులే ఉంది.

అన్నిటినీ చెరిపి ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించాలి. అందులో మా ఇద్దరికీ పేచీ లేదు. మా దగ్గరున్న సీడీ పాతది, ఎక్స్‌పీకి అప్పుడప్పుడు వచ్చే మరమ్మతుల మూటల్లో మొదటిదైన ప్యాక్ ఒకటి నాటిది. పురుగు దూరే కంత ఆ సీడీలోనే ఉంది. దాన్ని మూసే మందు ఎప్పుడు, ఎట్లా వేయాలన్నదే గొడవ.

నా పద్ధతి మందుని సీడీలోనే కలిపేయడం. సీడీలోని ఫైళ్ళన్నీ డిస్కులోకి తెచ్చుకుని, కొత్తగా వచ్చిన ప్యాక్ రెండుని వాటిలో కలిపితే పాత ఫైళ్ళు పోయి ఆ చోట్లో కొత్తవి కూర్చుంటాయి. దాన్ని మళ్ళీ సీడీగా రాసుకోవాలి. అప్పుడు మిషన్ పుట్టడమే మందు వేసుకుని పుడుతుంది. సుబ్బరాయలు పద్ధతి వేరు. పాత సీడీతోనే ఎక్కించి, ఆ తర్వాత రెండో సీడీలోంచి కంతలు మూసే చిన్న చిన్న ఫైళ్ళని ఒకదాని వెనక ఒకటి నడపడం. ఒక బ్యాచ్ ఫైలు రాసి పెడితే వాటిని అదే నడుపుతుంది.

ప్రిన్సిపల్ వీరరాఘవన్ సార్ లెక్కల మనిషి, కంప్యూటర్ అంటే ఆయనకి గుబులు. ఇద్దర్నీ గదిలో నిలబెట్టి ఏది మంచి పద్ధతో చెప్పమన్నారు. తమిళంలో నేను చెప్పాను, అతను చెప్పాడు. ఆ తర్వాత తెలుగులోకి దిగాం.

“మిషిన్ మిషిన్‌కీ రెండు సీడీలు మార్చుకుంటా కూర్చునేది ఎవురు? మీ తాతా?” అన్నాను నవ్వుతూ.

“నువ్వు కలిపింది మళ్ళ తీసేదానికి వస్తాదా, కె. నిర్మల? రాదు. నాది అట్ల కాదు. వొద్దనుకుంటే ఒక్కొక్కటే తీసేస్తా.”

“తీసేసేదానికి ఎందుకయ్యా ఎక్కించేది? పని తెలిసినోడు చేసే పనేనా ఇది?”

“పని తెలిసినోళ్ళు తలుపులు తెరిచిపెట్టి ఇంటికి పోతారు గదా,” అన్నాడు, అతనూ నవ్వుతూనే.

వీరరాఘవన్ సార్ మా మొహాలు చూసి, ఇద్దరూ ఏదో రాజీకి వచ్చారనుకున్నారు. సంతోషంగా తీర్పు చెప్పారు. ఒకటి నుంచి ఇరవై దాకా సుబ్బరాయలు తన పద్ధతిలో, ఇరవై ఒకటి నుంచి నలభై దాకా నిర్మల తన పద్ధతిలో ఎక్కించాలి. పరీక్ష రోజున ఎవరి మిషన్లు బాగా నడిస్తే పోస్టు వాళ్ళది.

నాకు నాలుగు సీడీలు పాడయ్యాయి. మొదటిది బూట్ కాలేదు. రెండోదీ కాలేదు, సీడీ మొదట్లో ఉండాల్సిన బూట్ ముక్క పెట్టలేదని అప్పుడు తెలిసింది. మూడోది సగం ఎక్కి, ఏదో ఫైలు కావాలని అడిగి మొరాయించింది. నాలుగోది రాసేటప్పుడు కరెంటు పోయింది. సుబ్బరాయలు ఆ నాలుగింటినీ చెత్తబుట్టలోంచి తీసి, తన బల్ల మీద కాఫీ గ్లాసు కింద పెట్టుకునేవాడు. నాకు కనపడేలా. అయిదోది పలికింది. అయిదు రోజులు పట్టింది గానీ, ఆ సీడీ పెట్టి వదిలేస్తే మిషన్ పూర్తయి లేచేది. రెండు రోజుల్లో నా ఇరవై పూర్తి చేసి, ఒక్కొక్కటీ గంటసేపు నడిపి చూశాను. నిక్షేపంగా ఉన్నాయి. ఆ రోజు అతని మొహంలో కాస్తయినా దిగులు కనపడుతుందేమోనని చూశాను. లేదు. నాకు ఒళ్ళు మండింది.

దిగులు ఎందుకు లేదో నాకు తర్వాత తెలిసింది. పరీక్షల బోర్డు నుంచి ‘ల్యాబు ఇన్‌ఛార్జి’ పేరిట ఒక కాగితం వచ్చింది. ఇన్‌ఛార్జి ఎవరని తేలలేదు కనక, టపా వచ్చినప్పుడు బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళు తీసుకునేవాళ్ళం. ఆ రోజు ఉన్నది అతను. పరీక్షకి వాడే సాఫ్ట్‌వేరు ప్యాక్ ఒకటి ఉన్న మిషన్లలోనే నడుస్తుందనీ, ప్యాక్ రెండు ఉంటే నడవదనీ ఆ కాగితంలో రాసి ఉంది. ఆ సాఫ్ట్‌వేరుని పరీక్ష రోజున ఎగ్జామినరే తెస్తారు, ముందుగా పెట్టి చూసుకునే వీలు లేదు. సుబ్బరాయలు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

అతని మంచితనం అది. ఇక నాది చెప్తాను.

శుక్రవారం పరీక్ష. బుధవారం అతను తన ఇరవై మిషన్లూ ఎక్కించడం మొదలుపెట్టాడు. అతని పద్ధతిలో ఒక లోపం ఉంది. పాత సీడీతో ఎక్కడం పూర్తయ్యాక, చిన్న ఫైళ్ళు నడిచేలోగా కొన్ని నిమిషాలు మిషన్ వట్టి ఒంటితో ఉంటుంది. ఆ కాసేపూ కేబుల్‌లో ప్రాణం ఉండకూడదు. కింద ఆఫీసు గదిలో మిషన్లకి పురుగు ఇంకా వదల్లేదు, వాటి కేబుళ్ళూ ల్యాబు గోడకున్న స్విచ్ పెట్టెలోకే వస్తాయి. ల్యాబు కేబుళ్ళన్నీ చెక్కపట్టీల కింద మేకులు కొట్టి ఉండేవి, ఊడదీయడం కుదరదు. పెట్టె తాళం తీసి మీట ఆపడం ఒక్కటే దారి. తాళంచెవి నా నడుమున ఉంది.

అతను ఆ సంగతి ఆలోచించలేదు. లేదా, ఆలోచించినా నన్ను అడగాల్సి వస్తుందని వదిలేశాడు. ఏది నిజమో నాకిప్పటికీ తెలియదు. పెట్టె జాలీలోంచి పచ్చ దీపాలు టపటపా కొట్టుకోవడం నేను చూశాను. తాళం తిప్పి మీట నొక్కడానికి ఒక్క క్షణం చాలు. నేను టిఫిన్ డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్ళాను.

అక్కడి నుంచి అమ్మకి ఫోన్ చేశాను. ఎంత సంతోషంగా ఉందో ఎవరికైనా చెప్పాలి కదా.

“వాడు స్విచ్ ఆపకుండానే ఎక్కిస్తా ఉండాడుమా. పురుగు లోపలికి దూరినాక మందేస్తాడు. తలుపు మూస్తాడు, దొంగ లోపలే ఉంటాడు. శుక్రవారం ఇరవై మిషిన్లూ ఒకేసారి పెడితే తెలుస్తాది వానికి.”

“చెప్పకూడదా పాపా?” అంది అమ్మ.

“నేనెందుకు చెప్పేది? నాకు మెమో ఇప్పించినప్పుడు వాడు చెప్పినాడా?”

వరండా ఆ చివర కమలమ్మాళ్ ఊడుస్తోంది. కాలేజీలో ఊడ్చే పనీ, టీలు అందించే పనీ ఆమెదే. వైతికుప్పం వైపు నుంచి వస్తుంది, ఎప్పుడూ తమిళమే మాట్లాడేది. ఆమె కూతురు ఆర్తి మా దగ్గరే డిప్లొమా రెండో ఏడు. నేను కాళ్ళు పైకి తీసుకున్నాను, ఆమె బెంచీ కింద ఊడ్చుకుని వెళ్ళింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి నలభై మంది పిల్లలు నలభై మిషన్ల ముందు కూర్చున్నారు. ఎగ్జామినర్ మరగతం మేడం తను తెచ్చిన సీడీని సర్వర్లో పెట్టింది. ముప్పై ఒకటో నంబరులో కూర్చున్న ఆర్తి ముందుగా చెయ్యెత్తింది. తెర మీద చిన్న గడి. ప్యాక్ ఒకటి కావాలి, ఇందులో నడవదు. గడి మూస్తే అంతా మూసుకుపోయింది. ఆ పక్కన ముప్పై రెండు, ఆ వెనక ఇరవై అయిదు, అన్నిటిలో అదే.

నేను సుబ్బరాయలు వైపు చూశాను. అతనికి ఆశ్చర్యం లేదు. అతనికి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది నాకు.

“తీసెయ్యి, కె. నిర్మల,” అన్నాడు మెల్లగా. “ఓ, నీది తీసేదానికి రాదు గదా.”

 కానీ అతని ఆనందం పావుగంటే. అతని ఇరవై మిషన్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూసినప్పుడు బాగానే ఉన్నాయి, ఇప్పుడు అన్నీ ఒకేసారి లేచాయి. లోపల కూర్చున్న పురుగులు ఇరవై వైపుల నుంచీ కేబుళ్ళ మీద పడ్డాయి. ప్రశ్నపత్రం సగం వచ్చి ఆగింది. పిల్లలు మౌస్ కదుపుతుంటే బాణం గుర్తు కదలడం లేదు. ఒక అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది.

“స్విచ్ ఆపి ఎక్కించాలయ్యా, పని తెలిసినోడా,” అన్నాను.

అతను పెట్టె వైపు చూశాడు. తర్వాత నా నడుమున ఉన్న తాళంచెవుల వైపు చూశాడు.  పదకొండింటికి మరగతం మేడం పరీక్ష ఆపి ఫైలు మూసేసింది.

ప్రిన్సిపల్ గదిలో ఆమె మాట తేల్చి చెప్పింది. తప్పు పిల్లలది కాదనీ, ల్యాబుదనీ, ఎవరు ఏం చేయడం వల్ల జరిగిందో వివరంగా రాసి, బాధ్యులు సంతకం పెట్టి ఇస్తే వారంలోగా మళ్ళీ పరీక్ష పెట్టిస్తానంది. ఊరికే మిషన్లు చెడిపోయాయని రాస్తే బోర్డు ఒప్పుకోదు. అప్పుడు నలభై మందీ గైర్హాజరు కింద పోతారు, మళ్ళీ ఏప్రిల్లోనే.

“ఎవరు?” అన్నారు వీరరాఘవన్ సార్.

నిర్మల మేడం మిషన్లు అసలు తెరుచుకోలేదు సార్, అన్నాడతను తమిళంలో. సుబ్బరాయలు సార్ మిషన్లలో పురుగు ఉంది సార్, అన్నాను నేను తమిళంలో. తర్వాత అలవాటు ప్రకారం తెలుగులోకి దిగాం. నవ్వుమొహాలు మాత్రం రాలేదు. నువ్వు సంతకం పెట్టు అంటే నువ్వు పెట్టు అనుకున్నాం. పోస్టు నీకు దక్కనీయను అని అతను, నీకు దక్కితే నా పేరు మార్చుకుంటా అని నేను.

కమలమ్మాళ్ టీలు తెచ్చింది. గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టి, ట్రే చంకలో పెట్టుకుని, మా ఇద్దరి వైపు తిరిగింది.

“నా బిడ్డ ముప్పై ఒకటో మిషిన్‌లో కూర్చునింది. అది ఎవురిదమ్మా?”

తెలుగు. మా ఇంట్లో మాట్లాడే తెలుగే. 

“బుధవారం నువ్వు మీయమ్మకు ఫోన్లో చెప్పింది నేను వింటిని. దానికి ముందర వారం ఈయన పెండ్లాంకు చెప్పింది గూడా వింటిని. కాగితం వచ్చిండాదని, ఆమె మిషిన్లు నడవవని. నాకు మిషిన్ సంగతి యాడ తెలుస్తాది? సదువుకున్నోళ్ళు గదా, మీ ఇద్దర్లో ఒకరన్నా ఇంకొకరికి చెప్తారనుకుంటిని.”

వీరరాఘవన్ సార్ ఆశ్చర్యపోయి, కమలమ్మా, నీకు తెలుగు వచ్చా, ఏం చెప్పావు వాళ్ళకి, అని అడిగారు.

ఆమెకి తమిళం మా అందరికన్నా బాగా వచ్చు. రెండు మాటల్లో చెప్పి మా ఇద్దరి సంగతీ తేల్చేయొచ్చు. “ఏమీ లేదు సార్, వాళ్ళే చెప్తారు,” అని తమిళంలో అని, గోడకి ఆనుకుని నిలబడింది.

సార్ నా వైపు తిరిగారు. “ఏం చెప్పిందమ్మా?”

కూతురు సంగతి అడుగుతోంది సార్ అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. ఆరేళ్ళుగా ఇద్దరం ఇలాగే నడిపాం. నడుముకి ఆ తాళంచెవులు బరువుగా తగులుతున్నాయి. అతని మీద కోపం ఒక్క చుక్క తగ్గలేదు, కానీ ముప్పై ఒకటో నంబరు ముందు చెయ్యెత్తి, నేను వచ్చి బాగుచేస్తానని నమ్మకంగా నా వైపు చూసిన పిల్ల మొహం కళ్ళ ముందు నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“కాగితం ఇవ్వండి సార్, రాస్తాను,” అన్నాను.

రాశాను. ప్యాక్ రెండు కలిపింది నేనని, ఎవరినీ సంప్రదించలేదని, సుబ్బరాయలు మిషన్లకి పురుగు పడుతుందని తెలిసి, తాళంచెవి దగ్గరే ఉంచుకుని, స్విచ్ ఆపలేదని. సంతకం పెట్టి కాగితం అతని వైపు తోశాను. అతను రెండుసార్లు చదివాడు. జేబులోంచి బోర్డు కాగితం తీసి, మడతలు విప్పి, పక్కన పెట్టాడు. ఒక వాక్యం రాశాడు, కాగితం వచ్చిన తేదీతో సహా.

“నీ కింద నేను సంతకం పెట్టేది లేదు, కె. నిర్మల,” అన్నాడు తెలుగులో. నా పేరుకి పైన, రెండు వరసల మధ్య ఇరికించి, పీకనొక్కినట్టున్న అక్షరాలతో పెట్టాడు.

వీరరాఘవన్ సార్ అరవలేదు. చదివి, కళ్ళజోడు తీసి, రెండో పరీక్షకి మిషన్లు సిద్ధం చేసిపెట్టి నెలాఖరుకి ఇద్దర్నీ వెళ్ళిపొమ్మన్నారు.

మళ్ళీ నలభై మిషన్లు. ఈసారి పద్ధతి ఒకటే ఉండాలి. ప్యాక్ రెండు వద్దు, కంత మూసే చిన్న ఫైళ్ళు చాలు. వాటిని కూడా సీడీలో కలిపేద్దామని నేను. కలపకుండా తర్వాతే నడుపుదామని అతను, బోర్డు మళ్ళీ ఏదైనా వద్దంటే తీసేయవచ్చని. రెండు గంటలు తిట్టుకున్నాం, ఈసారి కమలమ్మాళ్ వింటుందని గొంతు తగ్గించి. నా సీడీ పలకడానికి అయిదు రోజులు పట్టింది, ఇప్పుడు చేతిలో అన్ని రోజులు లేవు. ఆ పనికి అతని పద్ధతే సరైనది. ఈ మాట అతనికి నేను ఎప్పుడూ చెప్పలేదు, చెప్పను కూడా. “సరి, నీ మాదిరే కానీ,” అని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున అతను పాత సీడీ చేతిలో పట్టుకుని మొదటి మిషన్ ముందు నిలబడ్డాడు. పచ్చ దీపాలు కొట్టుకుంటున్నాయి. పెట్టె వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

“కమలమ్మక్కా,” అన్నాడు తెలుగులో, “స్విచ్ ఆపాల.”

కమలమ్మాళ్ బెంచీలు తుడుస్తోంది. తల ఎత్తలేదు. “నన్నెందుకయ్యా అడిగేది? తాళం యాడుందో నీకు తెలీదా?”

అతను సీడీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మెడ మీద నరం ఉబ్బింది. ఆ నరం చూస్తుంటే నాకు ఎంత బాగుందో దాచను.

“నిర్మలా,” అన్నాడు చివరికి. “స్విచ్ ఆపు.”

నేను వెళ్ళి తాళం తిప్పి, మీట నొక్కాను. దీపాలు ఆరిపోయాయి. ఒక్క క్షణం పట్టింది.